నోట పలకని పేరు

పోయినవారం జగన్నాధాన్ని సభ మధ్యలో నిలబెట్టి వచ్చాం. అతనింకా అక్కడే నిలబడి ఉన్నాడు.

రేగువలస నేతగాళ్ళ సంఘానికి కొత్త అధ్యక్షుణ్ణి ఎన్నుకునే రోజది. యుద్ధం ముగిసి ఏడాది దాటినా నూలుకు కంట్రోలు తీరలేదు. సర్కారు ఇచ్చే నూలు కట్టలు సంఘానికి వస్తాయి. ఏ మగ్గానికి ఎంత ఇవ్వాలన్నది అధ్యక్షుడి నోటి మాట. ఆ నోరు ఇన్నాళ్ళూ షావుకారు నరసింగరావుది. సగం కట్టలు అతని పెరటి గుమ్మంలోంచి చీపురుపల్లి సంతకు పోతాయని ఊరంతా అనుకునేది. పైకి అన్నది మాత్రం పార్వతీదేవి ఒక్కతే. కిందటి వేసవిలో ఆమె సంఘం గుమ్మానికి అడ్డంగా కూర్చుని, వచ్చిన కట్టలన్నీ అందరి ఎదుటా పంచేదాకా లేవలేదు. ఇప్పుడు ఆడవాళ్ళూ, పేద నేతగాళ్ళూ కలిసి ఆమెనే అధ్యక్షురాలిగా నిలబెట్టారు. నరసింగరావు చిరునవ్వు నవ్వి తాను తప్పుకుంటున్నానన్నాడు. ఆ వెంటనే, ఎవరూ ఊహించని మనిషి లేచి, "నానూ నిలబడతన్నాను" అన్నాడు.

ఆ మనిషి పార్వతీదేవి మొగుడు.

* * *

సంఘం పాకలో మాటలు ఆగిపోయాయి. వాన వెలిసిన చూరునుంచి నీళ్ళు కారుతున్న చప్పుడు మాత్రం వినిపిస్తోంది.

జగన్నాధం నరసింగరావు వంక చూడలేదు. ఎన్నిక జరిపించడానికి శ్రీకాకుళం నుంచి వచ్చిన ఇన్‌స్పెక్టరు ధర్మారావు వంకా చూడలేదు. ఆడవాళ్ళ బారులో కూర్చున్న పెళ్ళాం మొహంలోకి చూశాడు. ఆ మొహం ఎర్రబడుతుందనో, కళ్ళలో నీళ్ళు తిరుగుతాయనో అతను రాత్రంతా ఊహించుకున్నాడు. అదేమీ జరగలేదు. పడుగులో తెగిన పోగును వెతికేటప్పుడు చూసినట్టు, ఎక్కడ తెగిందా అన్నట్టు, పార్వతి అతణ్ణి కాసేపు చూసి ఊరుకుంది.

ఆ చూపుకే అతని ఒళ్ళు మండింది.

జగన్నాధం బర్మాలోని రంగం వెళ్ళేటప్పుడు ఇంట్లో మగ్గం ఒకటి. తిరిగివచ్చాక రెండు.  ఊళ్ళో చాలామంది మగవాళ్ళతోపాటు ఓడెక్కి, అక్కడ బియ్యం మిల్లులో మూటలు మోశాడు. బాంబులు పడ్డాక కొండలూ అడవులూ నడిచి, దారిలో పడిపోయినవాళ్ళను దాటుకుంటూ, ఎముకల గూడై ఇల్లు చేరాడు. గుమ్మంలోకి వస్తూనే చూసింది తన మగ్గం గుంటలో కూర్చుని నేస్తున్న పెళ్ళాన్ని. ఆమె పరుగున లేచి వచ్చి అతని కాళ్ళు కడిగింది. ఆ పూటే మగ్గం అతనికి వదిలేసింది. తరవాత తన చేతి బంగారు గాజులు రెండు అమ్మి, మట్టిగాజులు వేసుకుని, ఆ పక్కనే ఇంకో గుంట తవ్వించుకుంది.

అతణ్ణి చూడడానికి ఊరంతా వచ్చింది. చూసి, కన్నీళ్ళు పెట్టుకుని, వెళ్తూ వెళ్తూ పార్వతినే అడిగేవారు, నూలు ఎప్పుడొస్తుందని. వచ్చిన కొత్త మనుషులకు అతణ్ణి చూపించి, "ఈడా? ఈడు పార్వతి మొగుడు" అనేవారు. అడవుల్లో అతను ఆకలికి ఏడ్చాడు, భయానికి ఏడ్చాడు. ఆ రెండు మాటలకు ఏడవలేక పళ్ళు కొరుక్కున్నాడు.

ఒకే గదిలో రెండు మగ్గాలు. పడుగులో అటూ ఇటూ పరుగెత్తే పార్వతి నాడె అతని నాడె కన్నా వేగం. గోడవైపు తిరిగి పడుకున్నా ఆ తేడా చెవికి అందుతుంది. ఒక్కొక్కప్పుడు అతను తన మగ్గం ఆపి వినేవాడు. అటువైపు పోగు తెగి చప్పుడు ఆగితే అతని మనసుకు చల్లగా ఉండేది. ఎవరికీ చెప్పుకోలేని ఆ సంతోషాన్ని పసిగట్టింది ఒక్క నరసింగరావే. నువ్వుండగా ఆడదానికి కుర్చీ ఏమిటని అతను ఒకసారే అన్నాడు. రెండోసారి అనవలసిన అవసరం రాలేదు.

* * *

ధర్మారావు గొంతు సవరించుకుని నియమం చెప్పాడు. పోటీలో ఉన్నవాళ్ళు ఒక్కొక్కరే లేచి, తమ పేరూ, తండ్రి పేరో భర్త పేరో తమ నోటితో సభకు చెప్పాలి. ఒక పేరుగలవాళ్ళు ఊళ్ళో నలుగురుంటారు కనుక, ఎవరికి చెయ్యెత్తుతున్నారో తెలిసి ఎత్తాలి. అంతే.

జగన్నాధం తన పేరూ తండ్రి పేరూ గబగబా చెప్పి కూర్చున్నాడు. పార్వతి లేచింది. పేరు చెప్పింది.

"భర్త పేరమ్మా?" అన్నాడు ధర్మారావు తల ఎత్తకుండా.

పార్వతి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఆడవాళ్ళలో గుసగుసలు బయల్దేరాయి. ఎవరో ముసలమ్మ, సెప్పకూడదు గదా బాబూ, అంది జాలిగా. పేరు పలికితే ఆయుస్సు తగ్గుతుందని ఆ ఊళ్ళో పాలు తాగే పిల్లకు కూడా తెలుసు. ఆడవాళ్ళకు అలాంటప్పుడు ఒక దారి ఉంది. పార్వతి ఆ దారే పట్టింది.

"రథమెక్కే సామి పేరు బాబూ" అంది.

సభలో చిన్న నవ్వు పుట్టింది. అందులో చెడు లేదు. ధర్మారావు కూడా నవ్వి, పూరీ జగన్నాథుడన్నమాట అంటూ రాసుకోబోయాడు.

అప్పుడు నరసింగరావు లేచాడు. ఉత్తరీయం సర్దుకుని చాలా మర్యాదగా అడిగాడు.

"తొందరపడకండి ఇన్‌స్పెక్టరుగారూ. రథమెక్కే సామి ఒక్కడేటి? మన అరసవల్లి సూర్నారాయణుడు ఎక్కీవోడు కాడా? ఏడు గుర్రాల రథం. మరి ఈవిడి మొగుడి పేరు సూర్యారావేమో, మనకేటి తెలుసు?"

ఈసారి పుట్టిన నవ్వు వేరు. మగవాళ్ళ వెనక వరసలోంచి ఎవరో, ఆ సూర్యారావు ఎవుడ్రా అన్నారు. నవ్వు పాక చివరిదాకా పాకింది. జగన్నాధం చెవులు వేడెక్కాయి. ఆ నవ్వు తననూ తాకిందని అతనికి తెలుసు. అయినా లోపల ఎక్కడో చల్లగా ఉంది. పోగు తెగింది.

నరసింగరావు నవ్వు ఆగేదాకా ఆగాడు. "నవ్వులకి సెప్పటం నేదు బాబూ. నూలు పంచే రోజు అధ్యక్షుడు మగ్గాల వరస పిలవాల. పేరు పేరునా పిలవాల. ఇంటాయన వంతొస్తే ఈవిడేటని పిలుస్తాది? ఓ రథమెక్కే సామీ, నీ కట్ట అట్టుకెళ్ళు, అంటాదా? పిలవకపోతే ఆడి కట్ట ఆగిపోద్ది. ఇంకోడిని పిలవమంటే ఆ ఇంకోడే అధ్యక్షుడు. నోరు తెరవలేనోళ్ళకి కుర్సీ ఎందుకని నా మాట."

అది ఎగతాళి కాదు. నిజంగానే ఆలోచించవలసిన మాట. చెయ్యెత్తుదామని వచ్చిన నేతగాళ్ళు కొందరు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ధర్మారావు కలం కింద పెట్టాడు. మంచివాడు కనుక ఒక ఉపాయం వెతికాడు.

"ఏమయ్యా జగన్నాధం, ఈమె నీ భార్యేనని నువ్వొక్క మాట అను. రాసుకుంటాను. నాకంతే చాలు."

ఒక్క మాట. సభంతా అతని వైపు తిరిగింది. పార్వతి కూడా తిరిగింది. ఆ కళ్ళలో ఈసారి వెతకడం లేదు, అడగడం ఉంది. రంగం నుంచి వచ్చాక ఆమె అతణ్ణి ఏదైనా అడగడం అదే మొదలు. ఆ అడగడం కోసమే ఇన్నాళ్ళూ ఎదురుచూశానని జగన్నాధానికి అప్పుడే తెలిసింది. ఇచ్చేస్తే అయిపోతుంది. ఇవ్వకపోతే ఇంకా కాసేపు అడుగుతూనే ఉంటుంది.

అతను నేల చూస్తూ అన్నాడు. "నిలబడ్డాది ఆవిడి. ఆవిడే సెప్పుకోవాల."

పార్వతి చూపు అతని మీంచి దిగిపోయింది.

ఆడవాళ్ళ మధ్యలోంచి జగన్నాధం తల్లి లక్ష్మీనరసమ్మ లేచింది. కోడలి చెయ్యి పట్టుకుని బతిమాలింది. ఊరినుంచి పోయిన మగవాళ్ళలో తన కొడుకు తిరిగొచ్చాడంటే, కోడలు నోరు కట్టుకుని ఉండబట్టేనని ఆమె నమ్మకం. ఆ నమ్మకంతోనే ఆమె ఇన్నాళ్ళూ పార్వతి ఏం చేసినా అడ్డు చెప్పలేదు. ఇప్పుడు కుర్చీ కోసం ఆ కట్టు తెంచుకోవద్దంటోంది. "ఒద్దే పార్వతీ, నీకు దణ్ణమెడతాను. కుర్సీ పోతే ఇంకో ఏడొస్తాది. కొడుకు పోతే నానేటి సెయ్యాల?"

పార్వతి తలుపు వంక చూసింది. వెళ్ళిపోదామా అన్నట్టుగా ఉంది ఆమె నిలుచున్న తీరు. నరసింగరావు మీసం కింద పెదవులు కదిలాయి.

అప్పుడే చిన్నతల్లి నోరు విప్పింది.

చిన్నతల్లి మొగుడూ జగన్నాధమూ ఒకే ఓడలో వెళ్ళారు. జగన్నాధం వచ్చాడు. ఆమె మొగుడి మాట ఈనాటికీ తెలీదు. ఉన్నాడో పోయాడో చెప్పేవాళ్ళు లేక ఆమె బొట్టూ గాజులూ అలాగే ఉంచుకుని, అతని మగ్గం గుంటలో తను దిగింది. సంఘంలో ఆడవాళ్ళు సగానికి సగం అలా దిగినవాళ్ళే.

"లక్ష్మీనరసమ్మత్తా, కోపం సెయ్యక నా మాటిను" అంది చిన్నతల్లి. గొంతు పెద్దది కాదు, కానీ పాకలో అందరికీ వినిపించింది. "నానూ ఏ నాడూ పేరెత్తనేదు. కలలో కూడా ఎత్తనేదు. నీ కొడుకొచ్చినాడు. నా వోడేడీ? ఇదిగో, ఈ బారులో ఎందరిమున్నామో సూడు. నోరు కట్టుకున్నోళ్ళమే అందరిమీ. ఎవులి మొగుడొచ్చినాడు?"

లక్ష్మీనరసమ్మ కళ్ళు ఆ బారు పొడవునా పాకాయి.

చిన్నతల్లి పార్వతి వైపు తిరిగింది. "ఇప్పుడు నాను ఆ పేరు ఎత్తుదామన్నా, పిలిస్తే పలికీవోడు నేడు. నీకున్నాడు. పిలుసుకో, వదినా."

పార్వతి అత్త చేతిలోంచి తన చెయ్యి మెల్లగా విడిపించుకుంది. ధర్మారావు వైపు తిరగలేదు. మొగుడి మొహంలోకే చూస్తూ చెప్పింది.

"నా పెనిమిటి పేరు జగన్నాధం."

పెళ్ళినాడు గడప మీద, వదినలు దారికి అడ్డంగా నిలబడితే, వినీ వినపడకుండా ఆమె ఒకసారి ఆ పేరు పలికింది. మళ్ళీ ఇదే. జగన్నాధం గుండెలో ఏదో కదిలింది. తన పేరు అంత మెత్తగా ఉంటుందని అతనికి తెలీదు. ఆ మెత్తదనం అతను గుటక వేసేలోపే చేదెక్కింది. ఎన్నో ఏళ్ళు దాచిన మాటను తనకోసం పలకలేదు ఆమె. తనను ఓడించడానికి పలికింది. తన పేరు మీద కాలు పెట్టి కుర్చీ ఎక్కుతోంది.

చేతులెత్తమన్నాడు ధర్మారావు. ముందు చిన్నతల్లి చెయ్యి లేచింది, దాని వెంట ఆడవాళ్ళ బారంతా లేచింది. తరవాత మగవాళ్ళవి, ఒకటొకటిగా, ఇందాక నవ్వినవాళ్ళవి కూడా. జగన్నాధానికి లేచిన చేతులు నరసింగరావు మగ్గాల మీద కూలికి నేసేవాళ్ళవి మాత్రమే. అవి కూడా సగం దాకానే లేచాయి.

ఆ కుర్చీ జగన్నాధానికి బాగా తెలుసు. రంగం వెళ్ళకముందు ఉపాధ్యక్షుడి హోదాలో, సభ ఉన్న ప్రతిసారీ నరసింగరావు కోసం దాన్ని తువ్వాలుతో తుడిచింది తనే. కుర్చీ ఎడమ చెయ్యి వదులు, ఆనుకుంటే కదులుతుంది. పార్వతి వచ్చి కూర్చుంటూ ఎడమ చెయ్యి దాని మీద వేసింది. కుర్చీ కిర్రుమంది. ఆమె పడిపోతుందనుకున్నాడు. ఆమె చెయ్యి తీసి ఒళ్ళో పెట్టుకుని, రేపు పొద్దున్న నూలు గుమ్మం ముందరే పంచుతామంది.

లక్ష్మీనరసమ్మ గుండెలు బాదుకుంటూ బయటకు వెళ్ళింది. "నా కొడుకు ఆయుస్సు తీసీసిందిరా నాయనా" అన్న కేక వీధి వీధంతా విన్నది.

* * *

విన్నవాళ్ళలో నరసింగరావు ఒకడు. అతని బుర్ర అప్పటికే పని మొదలుపెట్టింది.

పాక వెనక పశువుల సాల దగ్గర జగన్నాధం ఒంటరిగా నిలబడి ఉంటే, అతను వచ్చి భుజం మీద చెయ్యి వేశాడు. ఓడిపోయినందుకు ఏమీ అనలేదు. మీ అమ్మ ఏమందో విన్నావా అన్నాడు. ఊళ్ళో సగంమంది అదే అనుకుంటున్నారన్నాడు. పేరు పలికిన నాడే పేరుగలవాడు కనిపించకుండా పోతే మిగతా సగం కూడా అదే అనుకుంటారన్నాడు.

జగన్నాధానికి వెంటనే అర్థం కాలేదు. అర్థమయ్యాక ఒక అడుగు వెనక్కి వేశాడు.

"నువ్వు సావక్కర్నేదురా" అన్నాడు నరసింగరావు. "కనపడకపోతే సాలు. గెడ్డ ఒడ్డున నీ సెప్పులూ తువ్వాలూ ఒగ్గీ. వంతెన మీదుగా అవతలకెళ్ళి నా గోదాములో నాలుగు నాళ్ళుండు. మొగుడి పేరెత్తి మొగుణ్ణి తినీసినదాన్ని ఏ ఊరు కుర్సీ మీద కూకోనిస్తాది? ఆవిడి దిగిపోనాక కొట్టుకుపోయి తేలినానని వచ్చీ. ఊరు నీకు ఆరతిస్తాది. కుర్సీ ఎటెల్లిపోద్ది?"

"దాని గాజులు తీసీస్తారు గదా షావుకారూ" అన్నాడు జగన్నాధం.

"నువ్వొచ్చి మళ్ళీ తొడుగు. నీ సేత్తో తొడిగించుకున్నాక మరి మాటంటాదేటి నిన్ను?"

జగన్నాధం ఆ చేతులు ఊహించుకున్నాడు. గాజుల్లేని చేతులు, అడుగుతున్న కళ్ళు. తన కోసం ఆమె నేల మీద పడి ఏడవడం ఊహించుకున్నాడు. రంగంలో తను చచ్చిపోయి ఉంటే ఏడ్చేదా? రెండో మగ్గం వేసుకున్న ఆడది ఎంతసేపు ఏడుస్తుంది? ఆ ప్రశ్న అతన్ని ఎప్పటినుంచో కొరుకుతోంది. చచ్చినవాడికి తప్ప దానికి జవాబు దొరకదు. ఇప్పుడు దొరుకుతుంది.

కుర్చీ కన్నా ఆ జవాబు కోసమే అతను తల ఊపాడు.

* * *

ఊరి పక్కన పారే ఏరు పెద్దగెడ్డ, భాద్రపదపు వానలకు ఎర్రగా పొంగి పారుతోంది. ఒడ్డున చెప్పులు విడిచాడు. ఎర్రంచు తువ్వాలు వాటి మీద పెట్టాడు. పార్వతి నేసిన తువ్వాలది. ఎగువన రైలు వంతెన మీదుగా అవతలి గట్టుకు చేరేసరికి నరసింగరావు బండి అప్పటికే గోదాము దగ్గర ఉంది.

ఆ గోదాములో గోగునార దాస్తారు. చీపురుపల్లి స్టేషనుకు బండ్లు ఇక్కణ్ణించే వెళ్తాయి. ఇటుక గోడలు, ఒకటే తలుపు, గెడ్డ వైపు ఎత్తున ఊచల కిటికీ. నరసింగరావు అటుకుల మూట ఒకటి ఇచ్చి, కిటికీ దగ్గరకు పోవద్దని చెప్పి, తలుపు దగ్గరగా వేసి బయట బండి దగ్గరకు వెళ్ళాడు. లోపల చీకటికి కళ్ళు అలవాటుపడ్డాక జగన్నాధం గోడమీద ఒక గీత గమనించాడు. ఎప్పుడో వరద నీళ్ళు నిలిచిపోయిన బురద చార అది. అతని తలకన్నా ఎత్తుగా ఉంది.

అతనేమీ అనుకోలేదు. నార కట్టల మీదకు ఎక్కి కిటికీ పట్టుకున్నాడు.

పొద్దు వాలకముందే తువ్వాలు ఎవరి కంటో పడింది. ఊరు ఊరంతా గట్టు మీదకు వచ్చేసింది. అమ్మ ఏడుపు గెడ్డ హోరును దాటి వినిపించింది. అయినా అతని కళ్ళు అమ్మ మీద నిలవలేదు. జనం చీలి దారి ఇచ్చారు. పార్వతి వచ్చింది.

ఏడవలేదు.

వంగి తువ్వాలు తీసుకుంది. అంచు చూసింది. గట్టిగా మడిచి నడుముకు చెక్కుకుంది. జగన్నాధం ఊచలు పట్టుకున్న వేళ్ళు నొప్పెట్టాయి. ఇంతేనా? ఇదేనా జవాబు? అమ్మ వచ్చి పార్వతి చేతులు పట్టుకుని ఒడ్డున రాయి మీదకు లాగుతోంది. గాజులు పగలగొట్టడానికే. పెద్దమనుషులు పక్కన నిలబడి ఏదో అంటున్నారు. పొద్దున్న చేతులెత్తినవాళ్ళు ఇప్పుడు ఆమెకు ఎడంగా జరుగుతున్నారు. నరసింగరావు చెప్పింది చెప్పినట్టే జరుగుతోంది. చిన్నతల్లి ఒక్కతే మధ్యలోకి వెళ్ళి తన గాజుల చేతులు రెండూ పైకెత్తి అందరికీ చూపిస్తూ అరుస్తోంది. శవం దొరక్కుండా నావి తీశారా అంటోందని, మాట వినపడకపోయినా, తెలుస్తూనే ఉంది.

పార్వతి అత్త చేతులు విడిపించుకుంది. పొద్దున్నలాగే, మెల్లగా. నీళ్ళలోకి దిగింది. మోకాళ్ళు మునిగేదాకా నడిచి, నోటికి రెండు చేతులూ అడ్డుపెట్టుకుంది.

"జగన్నాధం!"

గట్టు మీద జనం ఉలిక్కిపడి వెనక్కి జరిగారు. మనిషిని మింగిందంటున్న ఆ పేరునే ఆమె మళ్ళీ ఎత్తింది. ఈసారి సభ కోసం కాదు, పోటీ కోసం కాదు. పసుపు చీర నీళ్ళలో తేలుతుండగా, ఇంకో రెండడుగులు వేసి మళ్ళీ పిలిచింది. గొంతు చీలిపోయింది. అయినా పిలిచింది. ఎగువకు తిరిగి ఒకసారి, దిగువకు తిరిగి ఒకసారి.

పిలిస్తే పలికీవోడు నేడు, అంది చిన్నతల్లి. నీకున్నాడు.

జగన్నాధానికి తెలియకుండానే నోట్లోంచి "ఓయ్" అని వచ్చేసింది. గెడ్డ హోరు దాన్ని కిటికీ దాటనివ్వలేదు. జవాబు కోసం కదా చచ్చాడు, జవాబు వచ్చింది. ఇప్పుడు పలకాల్సింది తను. కట్టల మీంచి దూకి తలుపు దగ్గరకు పరుగెత్తి లాగాడు.

రాలేదు.

మళ్ళీ లాగాడు. బయట ఇనుప గొలుసు గలగలలాడింది. తలుపు సందులోంచి బండి కాపలావాడు సోములు గొంతు వినిపించింది.

"షావుకారూ, లోపల ఎవులో తలుపు బాదతన్నారు."

"ఎలకలురా" అంది ఇంకో గొంతు. "లోపలెవుడుంటాడు? ఎవుడూ నేడు."

జగన్నాధం పిడికిళ్ళతో తలుపు గుద్దాడు. షావుకారూ నానే, జగన్నాధాన్ని, తలుపు తియ్యండి అని అరిచాడు.  సోములు గొంతు ఈసారి వణికింది.

"బాబూ... గెడ్డ ఎక్కుతన్నాది. పైన వాన గట్టిగా పడినాదంట. గుమ్మందాకా వచ్చీసింది. నారైనా తీసీమంటారేటి?"

నారలో ఒక్క పీచు నేలపడితే ఏరించే మనిషి నరసింగరావు.

"తడిస్తే తడవనీ" అన్నాడు. "బండి తోలు."

చక్రాలు కదిలాయి. చెప్పులు అవతలి గట్టున విడిచి వచ్చిన జగన్నాధం అరికాళ్ళకు ఏదో చల్లగా తగిలింది. వంగి చూశాడు. తలుపు కిందనుంచి ఎర్రనీళ్ళు లోపలికి వస్తున్నాయి.

అవతలి గట్టునుంచి పార్వతి మళ్ళీ అతని పేరు పెట్టి పిలిచింది.